పన్నెండో ఊపిరి తర్వాత

“ఎత్తిన కత్తిని కిందికి కొట్టుడు పెద్ద పనేం కాదు రత్నాకర్ భాయ్. చెయ్యి బరువుకే దిగుతది అది. ఎత్తిన కత్తిని పక్కకు పెట్టుడు, అది గూడ అంతమంది ముంగట, గది జర కష్టం. ఆ కత్తెర ఇటియ్యి.”

టైలర్ రత్నాకర్ కత్తెర అందించాడు. అస్గర్ ఉస్తాద్ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొని, బొటనవేలి గోరు మీద అంచును ఆనించి చూశాడు. సాన మోటారు స్విచ్ మీదికి పోయిన చెయ్యి మధ్యలోనే ఆగింది.

“దీనికి పదును మంచిగనే ఉన్నది గదా.”

“ఉన్నదా? నాకు జర మొద్దువడ్డట్టు అనిపిచ్చింది ఉస్తాద్.”

“పదిహేను దినాల కిందట నేను పట్టిన సానే ఇది. నువ్వు కత్తెర కోసం రాలె. వీడియో చూసి వచ్చినవు. కూసో, చాయ్ వస్తది.”

రత్నాకర్ కాదనలేదు. బల్ల మీది ఇనుప రజను చేత్తో తుడిచి కూర్చున్నాడు. అతను మాటకు అడ్డు రాని మనిషి. అందుకే అస్గర్ పంతొమ్మిది రోజులుగా ఇంకెవరికీ చెప్పని సంగతి అతనికి చెప్పడం మొదలుపెట్టాడు.

మెదక్ పాత బజార్లో ఆ సాన కొట్టు ముప్పై ఎనిమిదేళ్ల నుంచి ఉంది. ఒకప్పుడు వరి కోతలు దగ్గరపడితే హవేలిఘనపూర్ నుంచి, శంకరంపేట నుంచి కొడవళ్లు గోనెసంచుల్లో దిగేవి. పొలాల్లోకి కోత మిషన్లు వచ్చాక అవి పోయి, మాంసం కొట్ల కత్తులూ టైలర్ల కత్తెరలూ మిగిలాయి. పొద్దంతా ఇదీ ఆయన పని. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కొట్టు వెనక సందులో ఉన్న తాలీంఖానా తెరిచి కుస్తీ, కర్రసాము, కత్తిసాము నేర్పుతాడు. నేర్పేవాడు అనాలేమో ఇప్పుడు. పంతొమ్మిది రోజులుగా దానికి తాళం ఉంది. వేసింది ఆయనే. సాయంత్రమయ్యేసరికి తొమ్మిది మంది శిష్యులు వచ్చి, తాళం చూసి, కాసేపు అరుగు మీద కూర్చొని వెళ్లిపోతున్నారు. దర్గా ఉర్సు నాడు ముసలాయన చెయ్యి వణికింది, సిగ్గుతో మూసుకున్నాడు అని ఊళ్లో మాట.

“చెయ్యి వణకలె,” అన్నాడు అస్గర్. “వణికితే మంచిగుండు. వణికితే దవాఖానకు పోతుంటి.”

ఆయన తాలీంకు వచ్చింది పన్నెండేళ్ల వయసులో. బడిలో రోజూ ఎవరినో ఒకరిని కొట్టి ఇంటికి తగాదా తెచ్చేవాడు. విసిగిపోయిన తండ్రి చెవి పట్టుకొని తీసుకొచ్చి, అప్పట్లో అక్కడ నేర్పే పెద్ద ఉస్తాద్ ముందు నిలబెట్టాడు. “వీనికి కొట్లాటంటే మస్తు ఇష్టం. మీ తాన పెట్టుకోండ్రి” అన్నాడు. పెద్ద ఉస్తాద్ పెట్టుకున్నాడు. ఆరు నెలలు గోదాలో మట్టి తవ్వించాడు. ఆ మట్టిలో మజ్జిగ, నూనె, పసుపు పోసి కలిపించాడు. తవ్వడం అయ్యాక కాళ్లూ చేతులూ కడుక్కొని, చిటికెడు మట్టి నుదుటికి పెట్టుకొని, మఠం వేసుకొని కూర్చోవాలి. పన్నెండు ఊపిర్లు లెక్కపెట్టాలి. ఒక్కో ఊపిరి లోపలికి పోయేదీ బయటికి వచ్చేదీ తనకే వినబడాలి, పక్కవాడికి వినబడకూడదు.

“ఆర్నెల్లు అయినంక అడిగిన. కొట్టుడు ఎప్పుడు నేర్పుతరు అని. కోపం పోయినంక నేర్పుత అన్నడు. కోపం పోతే కొట్టుడెందుకు అన్న. నెత్తి మీద ఒక్కటి పీకి, మళ్ల మట్టి తవ్వుపో అన్నడు.”

రత్నాకర్ నవ్వాడు. “ఆ పన్నెండు ఊపిర్లల్ల లోపల ఏమనుకోవాలె?”

“గదే నేను గూడ అడిగిన. నువ్వు ఏమనుకుంటవో నాకెందుకు అన్నడు. మా తాలీంల మావోళ్లు ఉండిరి, మీవోళ్లు ఉండిరి, కోట కింది నుంచి ఒక క్రిస్టియన్ పిలగాడు వస్తుండె. ఎవని దేవుడు వాని లోపల. ఆయనకు మాత్రం మనిషి నెమ్మదైండా లేదా అన్నది ఒక్కటే కావాలె. మొఖం చూసి చెప్తుండె. నీది ఏడు మీద ఆగింది, మళ్ల మొదలుపెట్టు అంటుండె. ఎట్ల తెలుస్తుండెనో ఇప్పటికి నాకు సమజ్ కాలె.”

ఆ తాలీంలో అన్నిటికన్నా పెద్ద విద్య నిమ్మకాయ కోత. శిష్యుడు నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. గొంతు మీద నిమ్మకాయ పెడతారు. ఉస్తాద్ కళ్లకు నల్లగుడ్డ కట్టుకొని, కత్తి మొనతో కాయను ఒక్కసారి తాకి కొలత తీసుకొని, అడుగు వెనక్కి వేసి, పన్నెండు ఊపిర్లు పీల్చి కత్తి దించుతాడు. కాయ రెండు ముక్కలు కావాలి. కింది చర్మం మీద గీత పడకూడదు.

దీనికి ముందు జరిగే తంతు ఒకటుంది. దాన్ని వాళ్లు దిల్ సాఫ్ అంటారు. ఉస్తాద్ వంగి శిష్యుణ్ణి అడుగుతాడు: నీ మనసులో నా మీద ఏమన్నా ఉందా? లేదంటే, శిష్యుడు తిరిగి అదే మాట ఉస్తాద్‌ను అడుగుతాడు. ఇద్దరిలో ఎవరి మనసులో ఏ కొంచెం ఉన్నా ఆ రోజు కత్తి ఎత్తకూడదు. పంతొమ్మిదేళ్లప్పుడు మొదటిసారి పడుకోబోతూ అస్గర్ “ఉన్నది” అన్నాడు. ముందు రోజు నీళ్ల కుండ పగలగొట్టినందుకు పెద్ద ఉస్తాద్ అందరిలో తిట్టాడు, అది లోపల ఉండిపోయింది.  పెద్ద ఉస్తాద్ అతణ్ణి లేపి ఇంకొకణ్ణి పడుకోబెట్టాడు. మూడు రోజుల తర్వాత అస్గర్ తనే వచ్చి పోయిందన్నాడు. అప్పుడు పడుకున్నాడు. అప్పుడు ఆయన్ని తనూ అడిగాడు.

“పెద్ద ఉస్తాద్‌ను అడుగుడంటే నాకు నాలిక ఎండుకపోయింది. అయినా అడిగిన. ఆయనే అడిగిపిచ్చుకునేటోడు. అడగకపోతే గుడ్డ కట్టుకోకపోతుండె. నేను ఉస్తాద్ అయినంక ఏమైందంటే...” అస్గర్ కత్తెరను ఒళ్లో పెట్టుకొని గుడ్డతో తుడవసాగాడు. తుడవాల్సింది ఏమీ లేదు. “నా శిష్యులు నన్ను అడగలేకపోతుండిరి. మా ఉస్తాద్ మనసుల మన మీద ఏముంటది అనుకునేటోళ్లు. అది మర్యాద అనుకున్నరు. నేను గూడ మర్యాదనే అనుకున్న. ఇరవై ఏండ్ల సంది సగమే చేస్తున్న.”

అప్పుడే ఆయన భార్య మన్సూరా చాయ్ తెచ్చింది. ఇంట్లో ఉర్దూనే మాట్లాడుతుంది కానీ రత్నాకర్‌కు వినిపించాలనుకున్న మాటలు మాత్రం తెలుగులోనే అంటుంది.

“చెప్పుండ్రి, చెప్పుండ్రి. నాకు చెప్పమంటే పదొద్దులు గోడ దిక్కు తిరిగి పండుకున్నరు. టైలర్ అన్న రాంగనే నోరు వచ్చింది.”

“నీకు చెప్తే తిడతవు.”

“అన్న పోయినంక తిడత. ఇప్పుడు తాగుండ్రి.” ఆమె లోపలికి పోలేదు. గుమ్మానికి ఆనుకొని నిలబడింది.

ఉర్సు నాడు గొంతు పెట్టాల్సినవాడు ముదస్సిర్. ఆటో నడుపుతాడు, ఐదేళ్లుగా అతనే పడుకుంటున్నాడు. రెండు రోజుల ముందు డెంగీ జ్వరంతో దవాఖానలో చేరాడు. కత్తి కింద పడుకోవడం ఎవరు పడితే వాళ్లు చేసే పని కాదు. గుటక మింగినా ప్రమాదమే. ఊళ్లో ఆ పని తెలిసినవాడు ఇంకొక్కడే ఉన్నాడు, శ్రీకాంత్. హవేలిఘనపూర్ రైతుల పిల్లవాడు. పదకొండేళ్లప్పుడు తాలీంకు వచ్చి, పద్దెనిమిదేళ్లు అస్గర్ చేతి కింద పెరిగాడు. తొమ్మిదిసార్లు ఆ కత్తి కింద పడుకున్నాడు. ఐదేళ్ల కిందట విడిపోయి మెయిన్ రోడ్డు మీద ఫిట్‌నెస్ సెంటర్ పెట్టి, పిల్లలకు కరాటే, కర్రసాము నేర్పుతున్నాడు. ఉర్సు కమిటీలో ఉండే శశిధర్ అతనికి ఫోన్ చేశాడు. శ్రీకాంత్ వస్తానన్నాడు.

“మీకు ఇష్టమేనా అని శశిధర్ నన్ను అడిగిండు. నాకేంది అన్న. నాకేంది అన్నప్పుడే మనిషి ఆగాలె భాయ్.”

దర్గా ముందున్న మైదానంలో, సందల్ గంధం ఊరేగింపు కదలడానికి ముందు ఆట పెట్టారు. ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు. చుట్టూ కట్టిన తాడు అవతల జనం నిలబడ్డారు, వెనకవాళ్లు గోడలెక్కారు. శ్రీకాంత్ వచ్చి, చెప్పులు విడిచి, కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. గోదా మట్టి నుదుటికి పెట్టుకొని పడుకున్నాడు. అస్గర్ వంగి అడిగాడు.

“నీ మనసుల నా మీద ఏమన్న ఉన్నదా?”

“లేదు ఉస్తాద్.”

శ్రీకాంత్ పెదవులు ఇంకో మాటకు తెరుచుకున్నాయి. అస్గర్ అది చూశాడు. చూసి కూడా, గుడ్డ కట్టమని పక్కవాడి వైపు తిరిగిపోయాడు.

కళ్ల ముందు నలుపు. కత్తి మొన నిమ్మకాయను తాకింది. ఎత్తు, దూరం, అన్నీ చెయ్యి రాసుకుంది. అడుగు వెనక్కి వేశాడు. మొదటి ఊపిరి.

మామూలుగా ఐదో ఊపిరికల్లా జనం రొద దూరమవుతుంది. ఏడుకు తన ఒళ్లు తనకు తేలికవుతుంది. తొమ్మిది, పది దాటాక కత్తి, కాయ, కింద ఉన్న మనిషి అన్నీ ఒకటే అయినట్టుంటుంది. పన్నెండోది బయటికి వస్తూనే చెయ్యి దానంతట అది దిగుతుంది. ఆయన దించేదంటూ ఏమీ ఉండదు.

ఆ రోజు నాలుగో ఊపిరికి మెయిన్ రోడ్డు మీది బోర్డు కనబడింది. ఎర్ర అక్షరాలు. గ్రాండ్ మాస్టర్ శ్రీకాంత్. ఆరో ఊపిరికి అద్దాల గది కనబడింది. ఒకసారి ఆయన ఆ దారిన పోతూ ఆగి చూశాడు. నీలం రంగు మ్యాట్ల మీద నలభై మంది పిల్లలు కూర్చొని, స్పీకర్లో ఏదో వేణువు మోగుతుంటే ఊపిర్లు లెక్కపెడుతున్నారు. మట్టి లేదు. కాళ్లు కడగడం లేదు. శ్రీకాంత్ ఎవరో తల్లికి చెబుతున్నాడు: ఇది బ్రీదింగ్ టెక్నిక్ మేడం, పిల్లలకు కాన్సంట్రేషన్ వస్తది. దేవుడి ఆరాధనలా చేసిన తన నలభై ఏళ్ల ఇబాదత్‌ను ఎవరో కడిగి, తుడిచి, పేరు మార్చి షాపులో పెట్టినట్టు అనిపించింది ఆ రోజు. ఇంటికి వచ్చి ఎవరితోనూ అనలేదు. అది పోయిందనుకున్నాడు.

తొమ్మిది. పది. పదకొండు. పన్నెండో ఊపిరి అయిపోయింది. చెయ్యి దిగలేదు.

పదమూడోది పీల్చాడు. జనం ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి ఎవరికీ తెలియదు. కింద పడుకున్నవాడికి తెలుసు. శ్రీకాంత్ పద్దెనిమిదేళ్లు ఆ ఊపిర్లు పక్కన కూర్చొని లెక్కపెట్టినవాడు. కదలకుండా ఉన్నాడు.

“ఇప్పుడు చెప్పే మాట ఎవ్వరికి చెప్పలె,” అన్నాడు అస్గర్. గుమ్మం వైపు చూడలేదు. “చెయ్యి కొడుతదని నాకు తెలుసు. కొట్టమంటే కొడుతది, నలభై ఏండ్ల అలవాటు. అది నిమ్మకాయ తాన ఆగుతదా అన్నది తెల్వలె. కొట్టేది నేనా, నా లోపలిదా తెల్వలె. నా కత్తికి నేనే సాన పట్టిన. దాని పదును నాకు తెలుసు. కింద ఉన్నది నా చేతుల పెరిగిన పిలగాడు.”

మన్సూరా కొంగుతో మొహం తుడుచుకుంది. “ఆ దినం నేను ఆడోళ్ల దిక్కు నిలవడ్డ అన్నా. గా కత్తి అట్ల మీదనే ఆగేటాలకు నాకు దువా గూడ యాదికి రాలె.”

అస్గర్ కత్తిని పక్కకు తిప్పి, మెల్లగా దించి, నేల మీద పెట్టాడు. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఈలలు వచ్చాయి. తాడు అవతల నుంచి ఎవరో అన్నారు, “షుగర్ డౌన్ అయినట్టున్నది, ఉస్తాద్‌కు చాయ్ పోయిండ్రి.” గోడ మీదివాళ్లు నవ్వారు. శశిధర్ మైకు పట్టుకొనే పరుగెత్తుకొచ్చాడు. “ఏమైంది ఉస్తాద్, పానం మంచిగున్నదా?” ఆ మాట స్పీకర్లలో మైదానమంతా వినబడింది.

అస్గర్ గుడ్డ విప్పాడు. వెలుతురుకు కళ్లు చికిలించి, శ్రీకాంత్ దగ్గర కూర్చున్నాడు. నిమ్మకాయ ఇంకా గొంతు మీదే ఉంది.

“నన్ను అడుగు,” అన్నాడు.

“ఏం అడగాలె ఉస్తాద్?”

“నేను నిన్ను అడిగిందే.”

శ్రీకాంత్ ఆయన ముఖంలోకి చూశాడు. నెమ్మదిగా అడిగాడు, “మీ మనసుల నా మీద ఏమన్న ఉన్నదా?”

“ఉన్నది.”

శశిధర్ చేతిలో మైకు తెరిచే ఉంది. ఆ ఒక్క మాట కూడా స్పీకర్లలో మోగింది. శ్రీకాంత్ నిమ్మకాయ తీసి పక్కన పెట్టి, లేచి కూర్చున్నాడు.

“ఏందో చెప్పుండ్రి.”

ఏం చెప్పాలి? ఇబాదత్, మట్టి, ఆ నీలం మ్యాట్లు, వేణువు, ఐదేళ్ల బాధ, అన్నీ గొంతు దాకా వచ్చాయి. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది:

“నీ బోర్డు మీద నా పేరు లేదు.”

జనం పగలబడి నవ్వారు. వీడియో అక్కడిదాకానే ఉంది. అది తీసినవాడు కూడా నవ్వుతూ ఫోన్ దించేశాడు.

“నవ్వరా మరి?” అన్నాడు అస్గర్ రత్నాకర్‌తో. “లోపల కొండంత ఉండె. బయట పడ్డది చూస్తే గంతే. నాకే నవ్వొచ్చినంత పని అయింది.”

“శ్రీకాంత్ నవ్విండా?”

“లేదు. శశిధర్ చేతిల మైకు గుంజుకొని బంద్ చేసిండు. అప్పుడు నా చెవుల పడేటట్టు చెప్పిండు. బోర్డు రాయించెటప్పుడు మీ ఇంటికొచ్చి అడిగిన ఉస్తాద్, నా పేరు జిమ్ములల్ల ఎందుకురా అన్నరు మీరే అన్నడు. అన్న మాట నిజమే. వాడు ఇంకోసారి బతిలాడుతడనుకున్న. వాడు నా మాట నిజమనుకున్నడు.”

“అప్పుడు నేను ఈడనే ఉన్న,” అంది మన్సూరా. “పిలగాడు స్వీట్ డబ్బ పట్టుకొని వచ్చిండు. ఈయన కనీసం దిక్కు గూడ చూడలె.”

“ఇంకోటి అన్నడు భాయ్. మీకు ఊపిర్లది గూడ ఉన్నదని నాకు తెలుసన్నడు. మీరు ఆ పొద్దు అద్దాల బయట నిలవడ్డప్పుడు చూసిన, లోపలికి వస్తరేమో అని తలుపు కాడికి వచ్చిన, మీరు పోయిన్రు అన్నడు. లోపల ఏమనుకోవాల్నో మీరు నాకు ఎన్నడు చెప్పలె, నేను ఆంజనేయ అనుకుంట అని మీకు తెలుసు, అయినా ఏమనలె. నా తాన నలభై ఇండ్ల పిల్లలు ఉన్నరు, నేను గూడ చెప్తలేను, మీ లెక్కనే అన్నడు. వాడు అన్నదాంట్ల తప్పు లేదు.  తప్పు లేకున్న లోపలిది పోలె. వాడు లేచిండు. నా కాళ్ల కాడి మట్టి ముట్టుకొని పోయిండు.”

మరునాడు సాయంత్రం అస్గర్ తాలీం తలుపు తెరిచి, కాళ్లు కడుక్కొని, మట్టి ముట్టబోయి ఆగిపోయాడు. మనసులో ఒకరి మీద ఏమన్నా పెట్టుకున్నవాడు గోదా మట్టి ముట్టకూడదు. ఇన్నేళ్లుగా అందరికీ ఆయన చెప్పిన మాటే అది, ఎంతమంది కుర్రాళ్లను ఆ తలుపు దగ్గర నుంచే వెనక్కి పంపాడో. తనను పంపేవారు లేరు కాబట్టి తనే బయటికి వచ్చి తాళం వేశాడు. అప్పటి నుంచి రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత ఇంట్లో చాప మీద కూర్చొని ఊపిర్లు లెక్కపెడుతున్నాడు.

“ఎంత దాక వచ్చింది?” అన్నాడు రత్నాకర్.

“మొదలు నాలుగు మీదనే బోర్డు వస్తుండె. నిన్న తొమ్మిది దాక పోయిన.”

“పన్నెండు అయినంక పోతరా శ్రీకాంత్ తానికి?”

“గట్లనే అనుకున్న. మంచిగ సాఫ్ అయినంక దర్జాగ పోదామనుకున్న.” అస్గర్ చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. “పొద్దున డౌట్ వచ్చింది. ఒక్కన్ని చాప మీద కూసుంటే ఇది అయ్యే పనేనా అని. వాని మీద ఉన్నదాన్ని వాడు లేకుంట ఎట్ల తీసుకుంట? ఆ పిలగాడు పదిసార్లు నా కత్తి కింద గొంతు పెట్టిండు. వాని తలుపు కొట్టెతందుకు నాకు పంతొమ్మిది దినాలు కాళ్లు లేస్తలేవు.”

“లేస్తయి,” అంది మన్సూరా. “మోకాళ్ల నొప్పి అని సాకులు నాకు చెప్పుండ్రి, అన్నకు చెప్పకుండ్రి.”

 అస్గర్ పట్టని సానకు ఏమీ తీసుకోనని చేత్తో సైగ చేసి, కత్తెరను కాగితంలో చుట్టి రత్నాకర్ చేతిలో పెట్టాడు. కొట్టు మెట్టు దాకా వెంట వచ్చాడు. రోడ్డు మీద చేగుంట పోయే ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

“నీ దుకాణం మెయిన్ రోడ్డు దిక్కే గదా.”

“అవు ఉస్తాద్. వాని సెంటర్‌కు నాలుగు షట్టర్లు ఇవతల.”

“అయితే ఒక పని చేసిపెట్టు. ఆడ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఎవ్వరు లేని టైం ఏదో కనుక్కో. వాడు ఒక్కడే ఉండాలె.”

“మీరు వస్తున్నరని చెప్పాల్నా?”

“చెప్పకు. చెప్తే కుర్చీ వేసి, శాలువ తెప్పిచ్చి, నలుగురిని పిలిచి కూసుంటడు. మళ్ల వానికి ఏం అడగబుద్ధి కాదు, నాకు ఏం చెప్పబుద్ధి కాదు. టైం ఒక్కటి కనుక్కొని ఫోన్ చెయ్యి. పొద్దుగూకకముందే చెయ్యి భాయ్.”